చెరుకు నడుమ నాలుగు సాళ్లు

ఫ్యాక్టరీ నుంచి కటింగ్ పర్మిటు మెసేజ్ వచ్చినప్పుడు నేను బాత్రూంలనే ఉన్న. యాడుంట మరి? అప్పట్ల నా పొద్దంత ఆడనే పోతుండె. బయటినుంచి మా ఆయన రాజశేఖర్ తలుపు కొట్టి, "శైలూ, మెసేజొచ్చింది. సోమారం నుంచి మూడు దినాలల్ల చెరుకంత కొట్టి పంపాలెనట" అన్నడు. లోపల్నుంచే "సరే, చేనుకాడ నేనుంట" అన్న.

మాది బోధన్ పక్కపొంటి ఊరు. నిజాంసాగర్ కాలువ ఒడ్డుకు రెండున్నర ఎకరాల చెరుకు. బోధన్ల ఫ్యాక్టరీ మూతపడ్డకాడికెళ్లి మా చెరుకు దూరం ఫ్యాక్టరీకి పోతది. మా ఆయన ట్రాక్టరు మీద లోడు ఏసుకోని పోతె, ఆడ లైన్ల నిలబడి, దించి, తిరిగొచ్చేసరికి దినం గడుస్తది. అందుకే కటింగ్ అయ్యే మూడు దినాలు ఇంటి మనిషి ఒకరు పొద్దుగూకేదాక చేన్ల ఉండాలె. కొట్టేటోళ్లు చెరుకును నేలకు సమానంగ నరుకుతున్నరా, పైకి ఇడిసిపెడుతున్నరా చూసుకోవాలె. పైకి నరికితె మళ్ల లేచే పిలకల బలం ఉండదు. పదేండ్ల సంది ఆ పని నాదే. పెండ్లైన కొత్తల్ల మామ నేర్పిండు. ఆయన పోయినంక చేను మొత్తం నా మీదికే వచ్చింది. అబద్ధం ఎందుకు, ఆ చేనంటె నాకు పానం.

రెండేండ్ల కింద ఈ రోగం తగులుకుంది. అల్సరేటివ్ కొలైటిస్ అంటరు. పెద్దపేగుల పుండ్లు. దాని పేరు పలుకుదామంటె నోరు తిరగదుగాని అది మాత్రం మస్తు జల్ది పని చేస్తది. దినానికి ఎనిమిది సార్లు, పది సార్లు పోవుడు, నొప్పి, నెత్తురు. ఎప్పుడు పిలుస్తదో తెల్వదు, పిలిస్తె ఆగనియ్యదు. ఊర్ల అందరికి గ్యాస్ అని చెప్పినం. ఆడిదాన్నాయె, గిసోంటి రోగం పేరు పెట్టి ఎట్ల చెప్త? ఇంట్ల మా ఆయనకు, మా అత్త సత్తవ్వకు తప్ప బయటోళ్లకు తెల్వనియ్యలే.

దసరా దాటినంక ఒకనాడు మా ఆయన మెల్లగ ముచ్చట తీసిండు.

"శైలూ, నీతోని కాదు. మన చేను పక్కచేను భూమేషన్నకు కౌలుకిద్దాం. నిజామాబాద్ల కిరాయికుందాం. నేను ఆటో నడుపుత. నీకు దవాఖాన దగ్గరుంటది, బాత్రూం ఇంట్లనే ఉంటది."

నా మీది పావురంతోనే, ప్రేమతోనే అన్నడు. కోపంతోని అంటె కొట్లాడేదాన్ని, పావురంతోని అన్నోనితోని ఏం కొట్లాడాలె? ఏడుపు మింగుకోని ఒక షరతు పెట్టిన.

"ఈ కటింగు మూడు దినాలు నేను చేన్ల నిలబడ్డననుకో, చేను మనమే చేసుకోవాలె. నిలబడకపోతె ఉగాదికి నువ్వన్నట్టే."

"నిలబడతవా?" అన్నడు.

"నిలబడత."

"సరే" అన్నడు గాని ఆయన మొకంల నమ్మకం లేదు. నాకు మాత్రం ఉండెనా ఏంది!

షరతైతె అల్కగ పెట్టిన. నిలబడాలంటె పెయ్యిల సత్తువ కావాలె గద. నెత్తురు పోయి పోయి గోర్లు తెల్లగైనయి, రెండు బిందెలు మోస్తె కండ్లు తిరుగుతుండె. అప్పుడు మా చిన్నమ్మ బిడ్డ సౌందర్య యాదికొచ్చింది. నిజామాబాద్ల న్యూట్రిషన్ క్లబ్బు నడుపుతది. పొద్దుగాల పొద్దుగాల పదిమంది పోయి గిలాసలల్ల పొడి కలుపుకోని తాగుతరు, బరువు తూగుతరు, చప్పట్లు కొడుతరు. నేను పోతె నాకు గూడ కొట్టిండ్రు, ఎందుకో తెల్వదు.

"అక్కా, గీ డబ్బ పొద్దుగాల ఒకటి, మాపటికి ఒకటి. గీ కలబంద రసం పరగడుపున. గీ పసుపు గోళీలు రెండు పూటల. నెల రోజులల్ల పులి లెక్క లేస్తవ్ సూడు!"

పసుపు గోళీలట! నిజామాబాద్ యార్డుల పసుపు కుప్పలు పోస్తె ఆ తొవ్వంటి పొయ్యేటోళ్లకు తుమ్ములాగవు. గసోంటి ఊర్ల, సీలేసిన సీసల పసుపు కొనుక్కుంటున్న నేను. నాకే నవ్వొచ్చింది. నవ్వుకుంటనే సంచిల ఏసుకున్న. రోగం మనిషిని గంత ఎడ్డిదాన్ని చేస్తది.

చిత్రమేందంటె, పదిహేను దినాలు మస్తు మంచిగనిపించింది. ఎనిమిదిసార్లు పొయ్యేది మూడు సార్లకొచ్చింది. ఇగ నేనే డాక్టరునైన. దవాఖాన గోళీలతోని ఏమైతలేదు, పొడితోనే అయితున్నదనుకోని గోళీలు బందు చేసిన. ఎవరికి చెప్పలే. బందు చేసిన పన్నెండో దినం బాత్రూంల కిందికి చూసి కూలబడ్డ. అంత నెత్తురు రెండేండ్లల్ల ఎన్నడు చూడలే. ఏడ్చుకుంట తలుపు తీస్తె, మా ఆయన ఒక్క మాట అడగకుండ బండి చాలు చేసిండు.

నిజామాబాద్ల డాక్టరమ్మ జర గట్టి మనిషి. పెద్ద ఇంజక్షన్లు, గోళీలు ఇచ్చి రోగాన్ని లొంగదీసినంక, "ఇంట్ల ఏమేం తింటున్నవో అన్ని డబ్బలు పట్టుకరా" అన్నది. బియ్యం సంచిల మోసుకపోయిన. టేబుల్ మీద ఒక్కొక్కటి నిలబెట్టింది. ఏడైనయి.

"ఈ డబ్బలల్ల నేను రాసిన గోళీలేవి శైలజా?"

"అవి బందు చేసిన మేడం."

"ఎవరు చెయ్యమన్నరు?"

"ఎవరనలే. మంచిగైంది గదా అని..."

అద్దాలు తీసి టేబుల్ మీద పెట్టింది. "మంచిగైందే ఆ గోళీలతోని. లోపలి పుండ్లు మాన్పేటివి అవి. అవి మానేసి ఇవి ఎన్ని తాగినా ఏం లాభం లేదు. నీకు బాగనిపించినా సరే, నేను చెప్పేదాక ఒక్క పూట తప్పొద్దు." ఏడు డబ్బలల్ల ఆరు పక్కకు జరిపింది. "రక్తం తక్కువుంది కాబట్టి ఐరన్ రాస్త, డి విటమిన్ రాస్త, ఫోలిక్ ఆసిడ్ రాస్త. అవి పరీక్షల తక్కువని తేలినయి, అందుకే. పొడి తాగాలనుంటె పాలు కలవనిది, దినానికి ఒక చెంచ. అది తిండికి తోడే గాని మందు కాదు. పుండ్లు పచ్చిగున్నన్ని దినాలు జొన్నరొట్టె, పల్లీలు, నువ్వులు వద్దు. మెత్తటి అన్నం తిను."

"మేడం, మూడు దినాలు చేన్ల నిలబడాలె. నిలబడొచ్చునా?"

"ఎందుకు నిలబడవు? నిలబడు. కాని బయటికి పోవాల్సొస్తదని తిండి, నీళ్లు బందు పెట్టి నిలబడకు. మీరంత చేసేది గదే."

తల ఊపిన. నాకు తలూపుడు మంచిగొస్తది.

ఇగ మా అత్త సంగతి చెప్పాలె. డెబ్బై దాటినయి గాని నోరు మాత్రం ఇరవయ్యేండ్ల పిల్లది. ఆమెకో పట్టుంది. ఇంట్లకు ఏదొచ్చినా పదిమందికి పెట్టినంకనే మనం తినాలె. దాసుకోని తింటె దిష్టి తగుల్తది, పెయ్యికి పట్టది. మామిడిపండ్లొచ్చినా గంతే, బర్రె ఈనితె జున్నైనా గంతే. నేను కొత్త పొడి డబ్బ తెచ్చుకోని వంటింటి తలుపెనుక నిలబడి తాగుతుంటె ఒకనాడు పట్టుకుంది.

"గోడ దిక్కు మొకం పెట్టి ఏం తాగుతున్నవే?"

"మందత్తా."

"మందుకు గింత తియ్యటి వాసనేందే? ఒక్కనాడన్న పక్కింటి శంకరమ్మకు జరంత పోసినవా? గందుకే నీకు పడ్తలేదు."

"అందరికి పోసేది కాదత్తా. దినానికి ఒక్క చెంచనే. కొలత చెంచ గూడ డబ్బలనే పెట్టిస్తరు."

"చెంచలు కొలుసుకోని ఒక్కతే తాగితె దిష్టి తగలక ఏమైతదే?"

నవ్వుకుంట డబ్బను అక్కడనే పెట్టిన. దాసిపెట్టుకోవాలెనని బుద్ధి పుట్టలే.

సోమారం తెల్లారంగనే చెరుకు కొట్టే ముఠా దిగింది. నాందేడ్ దిక్కోళ్లు, ఇరవై మంది, ఆడోళ్లు మగోళ్లు సగం సగం. ప్రతి ఏడు వాళ్లే మా చేను కొడుతరు. ముఠాకు పెద్ద తారాబాయి. గోచిపోసి కట్టిన తొమ్మిది గజాల నౌవారి చీర, చేతిల కొయ్త. కొయ్త అంటె వాళ్ల చెరుకు కత్తి. తెలుగు మరాఠి కలిపి మాట్లాడుతది, తక్కువ మాట్లాడుతది. మొదటి సాలుకాడ కొబ్బరికాయ కొట్టి పని చాలు చేసిండ్రు. మా ఆయన మొదటి లోడు పట్టుకోని పోయిండు. పోతపోత నా దిక్కు ఒకసారి చూసిండు.

గోళీలైతె బరాబర్ ఏసుకున్న. కాని పొద్దుగాల సంది మెతుకు ముట్టలే, చుక్క నీళ్లు తాగలే. డాక్టరమ్మ మాట చెవులల్ల మోగుతనే ఉంది. మోగితె మోగని. లోపలికేం పోకుంటె బయటికేం రాదని నా లెక్క. గట్టు మీద గొడుగు పట్టుకోని కూసున్న. పదకొండైతుంటె నాలిక పిడచగట్టింది, చెరుకు సాళ్లు రెండు రెండు కనపడ్డయి. అయినా లేవలే. మా ఇల్లు రెండు కిలోమీటర్లు, ఇంత దూరంల నాకు మరుగు లేదు. ఒక దిక్కు కాలువ రోడ్డు, ఇంకో దిక్కు ముఠా. చెరుకులకు దూరుదామంటె నీళ్లు లేవు, ఏ సాల్ల ఎవరు కొడుతుండ్రో తెల్వదు. ఇంకా రెండున్నర దినాలు!

మధ్యాహ్నం మా అత్త నెత్తి మీద గంప పెట్టుకోని వచ్చింది. కటింగు మొదటి దినం కొట్టేటోళ్లకు మలీద పెట్టుడు మా ఇంటి రివాజు. జొన్నరొట్టెలు, బెల్లం, నువ్వులు కలిపి దంచి ముద్దలు చేస్తది. అందరిని పిలిచి కూసోబెట్టి తలో రెండు ముద్దలు పెట్టింది. గాలికి వాసన నా దిక్కొచ్చింది. మలీద వాసన, దాంట్ల నా పొడి డబ్బ ఐస్‌క్రీం వాసన.

"అత్తా! నా డబ్బ?"

"అయిపోయింది."

"అంతనా?"

"అంత. ఇరవై మందికి సరిపోవద్దా?" అని, ముఠా దిక్కు తిరిగి గొంతు పెంచింది. "తినుండ్రి, కడుపునిండ తినుండ్రి! ఇది మా కోడలి మందు. పేగులల్ల పుండ్లైనయి పిల్లకు. దినానికి పదిసార్లు బయటికి పోతది, నెత్తురు పడ్తది. మీరంత తిని, మంచిగ కావాలె అనుండ్రి. దిష్టి పోవాలె!"

నా తల్లో! రెండేండ్లు దాసిన ఇజ్జత్ ఒక్క నిమిషంల గంపల పెట్టి పంచింది. నమిలేటోళ్లు ఆగిండ్రు. ఇరవై జతల కండ్లు నా మీద. కాలువల దుంకుదామంటె గూడ వాళ్ల ముంగటికెళ్లే పోవాలె. తారాబాయి చేతిల ముద్ద దిక్కు చూసింది, నా దిక్కు చూసింది. మొత్తం నోట్ల ఏసుకోని "గోడ్ ఆహే" అన్నది, తియ్యగుందని. లేచి, ఇంకిద్దరు ఆడోళ్లను కన్నుతోని పిలుచుకోని చెరుకులకు పోయింది. ఛీ అనుకోని పోయిందనుకున్న.

మా అత్త నా పక్కకొచ్చి కూలబడి, కొంగుల ముడి విప్పింది. "ఇదుగో, నీది గిది. బియ్యం రొట్టెతోని చేసిన, మెత్తగ. నువ్వులెయ్యలే. డాక్టరమ్మ వద్దనలే?"

తిడుదామని తెరిసిన నోట్ల ఆ ముద్ద పెట్టింది. ఏం తిట్టాలె చెప్పుండ్రి! కండ్లల్ల నీళ్లు తిరిగినయి, నమిలిన, మింగిన. పొద్దుగాల సంది ఎండిన కడుపు, ముద్ద దిగిందో లేదో లోపల పీకుడు చాలైంది. పావుగంట పండ్లు కరుసుకోని పట్టిన. ఇగ పట్టలే. గొడుగు అత్త చేతిల పెట్టి లేచిన. ఇంటికి పోవాలె. పోతె చేను పోయినట్టే. మా ఆయన ఏమనడు, అదే బాధ. ఏమనకుండ భూమేషన్నకు ఫోన్ చేస్తడు.

"బాయీ!" తారాబాయి కేకేసింది. "ఇకడ, ఇకడ!"

పోయి చూస్తె, నేను కూసున్న గట్టుకు పది అడుగుల దూరంల నాలుగు సాళ్ల చెరుకు కొట్టకుండ అట్లనే నిలబెట్టిండ్రు. కొసలన్ని గుంజి ముడేసిండ్రు. మూడు దిక్కుల ఎరువుల సంచులు, ముంగట ఒక పాత చీర. లోపల పారతోని తవ్విన గుంత, పక్కన మట్టికుప్ప, బూడిద, బిందెల నీళ్లు, చెంబు.

"పో లోపలికి. ఎవలు రారు" అన్నది.

బయటికొచ్చినంక ఆ బిందె నీళ్లతోనే చేతులు, మొకం కడుక్కోని అడిగిన. "ఇంత జల్ది ఎట్ల కట్టినవ్ తారాబాయి?"

"ఏ చేన్ల దిగినా మొదలు గిదే కడ్తం బాయి. ఆడోళ్లం పదిమందిమి. ఒకతి బాలింత ఉంటది, ఒకతి దూరం ఉంటది. కడుపు నొప్పి అందరికొస్తది. ఈ నాలుగు సాళ్లు ఆఖరికి కొడ్తం. ప్రతి ఏడు ఆ చివర్ల కడ్తుంటిమి. ఈసారి నీ దగ్గరికి జరిపినం, గంతే."

పదేండ్ల సంది ఆ నాలుగు సాళ్లు చూస్తనే ఉన్న. "గా చివర్ల ఎందుకిడిసిపెడుతుండ్రు? సోమరితనమా? కొట్టుండ్రి!" అని ప్రతి ఏడు ఒర్లిన గూడ. ఒక్కనాడు లోపలికి తొంగి చూడలే. ఆడోళ్లు చేన్ల పొద్దంత ఎట్ల ఎల్లదీస్తరని ఆలోచన రాలే. నా కడుపు నన్ను పట్టుకుంటె తప్ప తెల్వలే. సిగ్గయింది, ఏడుపొచ్చింది, వాటెంట నవ్వొచ్చింది.

"నీళ్లు తాగు" అని చెంబు చేతిల పెట్టింది తారాబాయి. "మాకు గూడ మొదట్ల నీళ్లు తాగొద్దనే చెప్పిండ్రు. తాగకుంటె పడ్తవ్."

తాగిన. డాక్టరమ్మ చెప్పితె ఇనని మాట ఆమె చెప్తె ఇన్న.

ఇగ మిగిలిన దినాలు బేఫికరే. రెండోనాడు ఆరుసార్లు పోయిన, మూడోనాడు నాలుగుసార్లు. అన్నం తిన్న, నీళ్లు తాగిన, సాలు సాలుకు తిరిగి మొదళ్లు చూసిన. పైకి నరికినకాడ పిలిచి మళ్ల కొట్టించిన. ముఠాల ఒక పిల్ల "మాల్కిన్ బాయి, నీ గది ఖాళీ ఉందా?" అని అడుగుతె అందరు పక్కున నవ్విండ్రు. నేను గూడ నవ్విన. నా రోగం మీద నేను నవ్వుడు అదే మొదలు.

రెండోనాడు మాపటికి మా ఆయన ఖాళీ ట్రాక్టరు తోలుకోని వచ్చిండు. గట్టు దిక్కు చేనంత బోడిగై నడుమల నాలుగు సాళ్లు నిలబడుంటె పరేషానైండు. "గదేంది, కొట్టలేదేం?" అన్నడు.

"గది నీ పెండ్లాం గది" అన్నది మా అత్త, గట్టు మీదికెళ్లి.

ఆ సంచులు, ఆ చీర, ఆ తొవ్వ చూసుకుంట దగ్గరికి పోయిండు. బయటున్న బిందె వంచి చూసిండు, ఖాళీ. కాలువకు పోయి నింపుకొచ్చి, తొణకకుండ మెల్లగ ఆ చీర ముంగట పెట్టిండు. మళ్ల పోయి లోడు కాడ నిలబడ్డడు.

మూడోనాడు పొద్దుగూకక ముందే ఆ నాలుగు సాళ్లు తప్ప అంత అయిపోయింది. తారాబాయి సంచులు విప్పింది, గుంత పూడ్చింది, కొయ్త తిప్పి పిడి నా చేతికిచ్చింది. "నీ గది నువ్వే కొట్టు" అన్నది. కొట్టిన. మామ నేర్పినట్టు నేలకు ఆనిచ్చి కొట్టిన. ఒక్క మొదలు పైకి ఇడవలే.

మూడు దినాలు నిలబడ్డ. కాని మా ఆయన కౌలు ముచ్చటే తియ్యలే. నేను గూడ అడగలే. నా కాళ్ల మీద నేను నిలబడ్డట్టా, ఇరవై మంది నిలబెట్టినట్టా? షరతుల గది లేకపాయె. మాఘం పాయె, శివరాత్రి పాయె, కొట్టిన మొదళ్లకు జానెడు జానెడు పిలకలొచ్చినయి. గోళీలు ఒక్క పూట తప్పలే. పరీక్షల రక్తం పెరిగిందని డాక్టరమ్మ ఖుషైంది. "మాయమైందనుకోకు, మళ్ల రావొచ్చు. వస్తె భయపడకు, నా దగ్గరికి రా" అన్నది. దినానికి రెండుసార్లకొచ్చిన. కొత్త డబ్బ గూడ తెచ్చుకున్న. చెంచ కొలుసుకొనే తాగుత, కాని తలుపెనుక కాదు. మా అత్త కండ్లముంగట, శంకరమ్మ గిలాసల రెండు చుక్కలు పోసి. ఆమె పట్టు ఆమెది.

ఉగాది పొద్దుగాల భూమేషన్న వచ్చిండు. నేనెక్కడున్ననో చెప్పాల్నా? బాత్రూంలనే. లోపల్నుంచి అన్ని ఇనపడ్తున్నయి.

"రాజశేఖరూ, కౌలు ముచ్చట ఏమాయె తమ్మీ? ఇయ్యాల మంచిదినం" అన్నడు.

కుర్చీ జరిపిన సప్పుడైంది. మా ఆయన ఎప్పటి లెక్కనే మెల్లగ అన్నడు.

"కూసో అన్నా. చేను శైలజది, ఆమెనే అడగాలె. బాత్రూంల ఉన్నది, జర లేటైతది. ఆమెకు పేగులల్ల పుండ్లు గద."

"అయ్యో, గట్లనా! నాకు తెల్వనే తెల్వదు" అన్నడు భూమేషన్న.

"అందాక ఇది తిను బిడ్డా" మా అత్త గొంతు. "కోడలి మందు."

లోపల నోటికి కొంగు అడ్డం పెట్టుకున్న, నవ్వు ఆగితె గద. నవ్వు, ఏడుపు, అన్ని ఒక్కసారే. బయట ముగ్గురు కూసోని నా కోసం చూస్తుండ్రు, అయినా నాకు జల్ది అనిపించలే. రెండేండ్లల్ల మొదటిసారి నిమ్మలంగ కూసున్న. నిమ్మలంగ చేతులు కడుక్కున్న. తలుపు తీసుకోని బయటికొచ్చి, "ఇయ్యం అన్నా" అని చెప్పిన.